ఊ కొట్టుటకు వ్యవధి

తెలుగునాట కథ వినుటకు ఒక నియమము కలదు. చెప్పువారు ఒక మాట ముగించి ఆగుదురు. వినువారు "ఊ" అనవలెను. ఆ "ఊ" వినబడినగాని కథ ముందునకు నడవదు. పిల్లవాడు మేలుకొని యున్నాడో, నిద్రలోనికి జారినాడో తెలిసికొనుటకు అవ్వలు పన్నిన ఉపాయమే ఇది యని పలువురు తలంతురు. అదియు నిజమే. కాని ఆ చిన్న విరామములో మరియొక పని జరుగుచున్నది. ఏడు చేపల కథలో ఒక చేప మాత్రము ఎండలేదని చెప్పి అవ్వ ఆగును. ఎందుకు ఎండలేదను ప్రశ్న ఆమె నోట వెలువడుటకు ముందే పిల్లవాని మనస్సులో పుట్టును. గడ్డిమోపు మొదలు చీమ వరకు సాగు ఆ వరుసలో ప్రతి "ఊ" వెనుకను ఒక ఊహ లేచి పడుచుండును. కథలో సగము అవ్వ చెప్పినది. మిగిలిన సగము, ఆమె ఆగిన చోట్ల పిల్లవాడు కల్పించుకొన్నది.

నేడు పిల్లలకు కథలు చెప్పుచున్నది ఎక్కువగా తెర. అది వెండితెర కావచ్చును, టెలివిజన్ కావచ్చును, తండ్రి చేతినుండి లాగికొన్న సెల్‌ఫోను కావచ్చును. తెరకు చెవులు లేవు. ఎదుట కూర్చున్నవాడు "ఊ" అన్నను అనకున్నను అది సాగిపోవుచునే యుండును. కనుక ఎక్కడ ఆగవలెనో, ఎంతసేపు ఆగవలెనో ఆ కథను కూర్చినవాడే ముందుగా ఊహించి ఆ వ్యవధిని విడిచిపెట్టవలెను. అతడు విడువనియెడల చూచువానికి కథలో చోటు లేదు. బొమ్మల చలనచిత్రముల విషయములో, అనగా యానిమేషన్ చిత్రముల విషయములో, ఈ సంగతి మరింత ముఖ్యము; ఏలయన పసివారు కథలు చూచు కాలములో పెద్ద భాగము వానికే చెందుచున్నది.

హైదరాబాదునకు తూర్పు దిక్కున నున్న ఉప్పల్, ఆ మండలములోనిదే యైన నాచారము నిశ్శబ్దమునకు పేరుపడిన చోట్లు కావు. వరంగల్లు రహదారి ఉప్పల్ మీదుగా పోవుచున్నది. 2017 నవంబరు నుండి మెట్రో రైలు తలమీదుగా నడచుచున్నది. నాచారములో పారిశ్రామికవాడ కలదు. ఉప్పల్ క్రికెట్ మైదానములో పోటీ జరుగు రాత్రి ఆ చుట్టుపట్ల పాఠము చదువబూనిన విద్యార్థి పాట్లు అతనికే తెలియును. అయితే ఆ మైదానములో సైతము, బంతి ఆకాశమునకు ఎగసి, ఫీల్డరు చేతిలో పడునో గీత దాటునో తెలియని ఆ రెండు క్షణములు, వేలకొలది జనము ఊపిరి బిగబట్టుదురు. ఆట రుచి యంతయు ఆ రెండు క్షణములలోనే యున్నదని పిల్లలకు ఎవ్వరును నేర్పనక్కరలేదు.

ఈ సందడి పేటలకు చేరువనే, ఉప్పల్ రోడ్డు మీద, 1961లో స్థాపించబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. భూకంపములను పరిశీలించుట దాని పనులలో ఒకటి. భూకంపలేఖిని గీయు గీత ఎన్నడును పూర్తిగా తిన్ననై యుండదు. సముద్రపు అలలు, గాలి, లారీలు, యంత్రములు నేలను ఎల్లప్పుడును కొద్దికొద్దిగా కదలించుచునే యుండును. 2020లో కరోనా వ్యాధి కారణమున లోకమంతయు ఇండ్లలో తలుపులు మూసికొని కూర్చున్నప్పుడు, పెక్కు దేశముల శాస్త్రజ్ఞులు కలసి ఇట్టి లేఖినుల గీతలను పరిశీలించి, మానవుల రాకపోకల వలన కలుగు ప్రకంపనము సగము వరకు తగ్గినదని "సైన్స్" పత్రికలో ప్రకటించిరి. అంతకుముందు రొదలో మునిగిపోయెడి చిన్న సంకేతములు ఆ నిశ్శబ్దములో బయటపడుటకు అవకాశము కలిగినది. రొద తగ్గినప్పుడు వినవలసినది తగ్గలేదు, పెరిగినది. కథకును ఈ లెక్క వర్తించును.

నాచారమునకు చలనచిత్ర చరిత్రలోను చోటున్నది. నందమూరి తారక రామారావు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో ఇచ్చటిదే. ఆయన స్వయముగా దర్శకత్వము వహించి, కృష్ణుడుగా, కర్ణుడుగా, దుర్యోధనుడుగా తానే నటించి, 1977 జనవరి 14న విడుదల చేసిన "దాన వీర శూర కర్ణ" మాటల మహాప్రవాహము. నాలుగు గంటలకు కొంచెము తక్కువైన ఆ చిత్రమునకు కొండవీటి వేంకటకవి వ్రాసిన సంభాషణలను నేటికిని కంఠస్థము చేసి, పాఠశాలల వార్షికోత్సవములలో అప్పగించు బాలురు కలరు. తెలుగువారి చెవి అట్టిది. పద్యనాటకము, అవధానము, పురాణ కాలక్షేపము దానిని పెంచినవి. మాట అంత గొప్పగా ఉన్నచోట మౌనము కావలెనని ఎవ్వరును కోరరు. అయితే ఆ చెవికే ఒక దురభ్యాసము కూడ అంటుకొన్నది. మాట ఆగినచో కథ ఆగినదని అది తొందరపడును. ఆ తొందర తగదని చూపుటకు పరదేశముల దాక పోనక్కరలేదు.

1957లో కె. వి. రెడ్డి తీసిన "మాయాబజార్"లో వెన్నెల రాత్రి పడవ విహారము తెలియని తెలుగువాడు అరుదు. కథ దృష్టితో చూచినచో అక్కడ జరుగునది ఏమియు లేదు. శశిరేఖాభిమన్యులు పడవలో సాగిపోవుదురు. పిదప కృష్ణుడును రుక్మిణియు, బలరాముడును రేవతియు అదే వెన్నెలలో విహరింతురు. కొత్త సంగతి తెలియదు, పగవాడు రాడు, ఎత్తు పారదు. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణములో నీరు మెరయును, ఆకులు కదలును. తొందరపడు సంపాదకుడు కత్తెర పట్టినచో మొట్టమొదట తెగిపోవలసినది ఈ ఘట్టమే. కాని దీనిని తీసివేసి మిగిలిన చిత్రమును ఊహించి చూడవలెను. తరువాత పాండవులు రాజ్యము కోల్పోయినప్పుడు, రేవతి మాటకు తలయొగ్గి బలరాముడు శశిరేఖను లక్ష్మణకుమారునకు ఇయ్యనెంచినప్పుడు, మనకు నొప్పి ఎందుకు కలుగును? ఆ వెన్నెలలో మనమును కొంతసేపు ఆ పడవలో ఉన్నందున. మాట తప్పినవారు సైతము ఒకనాడు ఆ నీటిమీదనే సంతోషముగా ఉండినవారని ఎరిగినందున. ఘటోత్కచుని మాయలు ఎన్నియున్నను, ఆ ఊరక గడచిన రెండు మూడు నిమిషములు లేనిచో అవి కేవలము గారడీ యగును.

ఆ చిత్రమునకు సహాయ దర్శకుడుగా పని చేసిన యువకుడు సింగీతం శ్రీనివాసరావు. మూడు దశాబ్దముల తరువాత, 1987లో, ఆయన సంభాషణలే లేని "పుష్పక విమానము"ను తీసెను. భారత చలనచిత్రములు పాటలతో, మాటలతో క్రిక్కిరిసియున్న కాలమున అది చేయుట సాహసము. అందులో ఒక చమత్కారము ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగినది. ఉద్యోగము లేని యువకుడు, సందడి నడుమ ఇరుకు గదిలో బ్రతుకుచుండినవాడు, ఒక ధనికుని పేరిట పెద్ద హోటలు గదిలో చేరును. మెత్తని పరుపు ఉన్నది, చల్లని గాలి ఉన్నది, నిద్ర మాత్రము రాదు. నిశ్శబ్దము అతనికి అలవాటు లేదు! తన పాత బసకు పోయి, అచ్చటి గోలను టేపు మీద పట్టి తెచ్చి, దానిని మ్రోగించుకొని హాయిగా నిద్రపోవును. ప్రేక్షకులు విరగబడి నవ్విరి. నేడు బొమ్మల చిత్రము పెట్టినగాని ముద్ద మ్రింగని పిల్లవానిని చూచిన తల్లికి ఆ నవ్వులో కొంత కలవరము కూడ తోచును.

అదే సింగీతం 2008లో "ఘటోత్కచ్" అను యానిమేషన్ చిత్రమునకు దర్శకత్వము వహించుట విశేషము. మాయాబజారు పాత్ర బొమ్మగా మారి వచ్చినది. ఆ చిత్రపు గుణదోషముల చర్చ ఇచ్చట అవసరము లేదు. వెన్నెల నీటిని కెమెరాతో పట్టుట, మాట లేకుండ నటుని ముఖముతో కథ చెప్పుట, బొమ్మను కదలించుట ఈ మూడును ఒకే గురుశిష్య పరంపరలో కలిసినవనుట మాత్రము గుర్తుంచుకొనవలెను. మూడింటిలో మౌనము కష్టతరమైనది మూడవదానిలోనే.

కారణము చెప్పవలెను. నిజమైన మనుష్యుని కెమెరా ముందు ఊరక కూర్చుండబెట్టినచో అతడు ఊపిరి తీయును, రెప్ప వేయును, వెనుక ఆకు కదలును. దర్శకుడు ఏమియు చేయకున్నను బ్రతుకు తనంతట తాను తెరమీదకు వచ్చును. బొమ్మకు ఆ సదుపాయము లేదు. చలనచిత్రము క్షణమునకు 24 చట్రములుగా పరుగెత్తును. బొమ్మల చిత్రములో ఒక్కొక్క బొమ్మను రెండేసి చట్రములు నిలిపినను క్షణమునకు 12 బొమ్మలు కావలెను. ఒకే బొమ్మను కదల్పక నిలిపినచో అది నిశ్చలముగా ఉన్నట్లు తోచదు, చచ్చినట్లు తోచును. అందుచేత ఆరితేరిన చిత్రకారులు ఆగిన పాత్రకు సైతము గమనింపరానంత స్వల్పమైన కదలికను గీయుదురు: జుట్టు కొంచెము వాలును, భుజము కొంచెము దిగును. ఏమియు జరుగని మూడు క్షణముల కొరకు వారు 36 సారులు చేతిని కదలింపవలసి వచ్చును. బొమ్మల చిత్రములో ఉచితముగా దొరకిన మౌనము లేదు. ఉన్నదంతయు ఎవరో కోరి, కష్టపడి గీసినదే.

ఈ రహస్యము సినిమా పుట్టకముందే తెలుగు పల్లెలలోని తోలుబొమ్మలాటవారికి తెలియును. ఆడించుటకు అవసరము లేనప్పుడు వారు బొమ్మను ముళ్ళతో తెరకు గుచ్చి నిలుపుదురు. పద్యము సాగుచుండును. బొమ్మ కదలదు. అయినను రాముడు చచ్చినట్లు కనబడడు, ఏలయన వెనుక నూనె దీపము వణకుచున్నది. ఆ వెలుగు వణకునప్పుడెల్ల రంగుల తోలులో ప్రాణము ఆడినట్లు తోచును. విద్యుద్దీపము వచ్చిన తరువాత వెలుగు పెరిగినది, ఆ వణకు పోయినది.

జపాను దేశపు హయావో మియజాకి ఈ పనిలో నేటి లోకమునకు పెద్ద గురువు. 2002లో అమెరికా విమర్శకుడు రోజర్ ఎబర్టుతో మాటలాడుచు ఆయన చేతులతో చప్పట్లు కొట్టి చూపెను. చప్పటికిని చప్పటికిని నడుమ నున్న ఖాళీకి వారి భాషలో "మా" అని పేరట. ఎడతెగక జరుగు సంఘటనలకు ఊపిరి పీల్చుకొను చోటు లేదనియు, ఆ ఖాళీ ఉన్నప్పుడే ఉద్రేకమునకు లోతు వచ్చుననియు ఆయన తాత్పర్యము. 1988 నాటి "నా పొరుగువాడు టోటోరో" చిత్రములో ఇద్దరు అక్కచెల్లెండ్రు వానలో బస్సు నిలుచు చోట తండ్రి కొరకు ఎదురుచూతురు. చెల్లెలు అక్క వీపుపైన నిద్రపోవును. గొడుగు మీద చినుకులు పడును. వింత జంతువు వచ్చి పక్కన నిలుచుటకు ముందు వాన మాత్రమే యున్నది. 2001 నాటి "స్పిరిటెడ్ అవే"లో, దయ్యముల స్నానశాలలోని గలభా అంతయు గడచిన పిమ్మట, చిహిరో అను బాలిక రైలులో కూర్చుండును. పట్టాలు నీటి అడుగున ఉన్నవి. నీడల వంటి ప్రయాణికులు ఎక్కి దిగిపోవుదురు. మాటలు దాదాపు లేవు. వెనుకటి భయమును, ముందటి కర్తవ్యమును ఆమె ఎట్లు తూచుకొనుచున్నదో ఎవ్వరును చెప్పరు. చూచు పిల్లవాడు తానే ఆమెకు బదులుగా తలపోయవలెను. అవ్వ కోరిన "ఊ" అదే. పేరు మాత్రము వేరు.

ఆగిన ప్రతి బొమ్మను మెచ్చుకొనవలెనని దీని అర్థము కాదు. టెలివిజన్ కొరకు చవుకగా తీయు బొమ్మల చిత్రములలో ఒళ్ళు బిగిసిపోయి పెదవులు మాత్రము ఆడుచుండును. ఆ నిశ్చలత్వము ఖర్చు తగ్గించుటకు వచ్చినది. దానిని కప్పిపుచ్చుటకే కాబోలు, సంభాషణయు వాద్యముల మ్రోతయు ఒక్క క్షణము విడువక తరుముచుండును. బొమ్మ కదలదు, చెవికి విశ్రాంతి ఉండదు. ఊరక సాగదీసిన దృశ్యములతో విసుగు పుట్టించి, దానినే గాంభీర్యమని భావించు చిత్రములును లేకపోలేదు. మౌనమునకు ముందు ఏదో జరిగి యుండవలెను, దాని తరువాత ఏదో జరుగవలసి యుండవలెను. లేనిచో అది ఖాళీ సంచి.

హైదరాబాదునకు సంబంధించి మరియొక మాట చెప్పకతప్పదు. ఈ నగరపు యానిమేషన్ పరిశ్రమ చాలవరకు పరదేశముల సంస్థలకు పని చేసిపెట్టుటతో పెరిగినది. అట్టి పనిలో కథయు, దృశ్యముల క్రమమును తెలుపు చిత్రఫలకములును, ఏ దృశ్యము ఎంతసేపు నిలువవలెనను నిర్ణయమును తరచుగా అక్కడనుండియే వచ్చును. గీసి, రంగులు నింపి, కదలించి పంపుట ఇచ్చటి వంతు. చేయి మనది, ఊపిరి వారిది. వందలాది యువకులు కదలికను గీయుటలో నిపుణులైరి. ఎప్పుడు కదలిక మానవలెనో నిర్ణయించు అధికారము వారిలో కొందరికే చిక్కినది. ఈ స్థితి క్రమముగా మారుచున్నది. 2006వ సంవత్సరపు జాతీయ బహుమానములలో ఉత్తమ యానిమేషన్ చిత్రముగా ఎన్నికైన "కిట్టు" తెలుగు చిత్రమే. 2008లో టెలివిజన్‌లో మొదలై దేశమంతట పిల్లల నోళ్ళలో నానిన "చోటా భీమ్" ఈ నగరమున గీసినదే. సొంత కథ చెప్పు హక్కు వచ్చినది. ఇక ఆ కథలో భీముడు లడ్డు తిని శత్రువు మీద పడుటకు ముందు, ఒక్క సారి చెట్టుక్రింద కూర్చుండి చెరువు వంక చూచుటకు అతనికి సెలవు దొరకవలసి యున్నది.

పిల్లల మనస్సుల మీద వేగమునకు గల ప్రభావమును కొందరు పరీక్షించి చూచిరి. 2011లో అమెరికాలో నాలుగేండ్ల పిల్లలను 60 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టునకు మిక్కిలి వేగముగా నడచు కార్టూనును, మరియొక జట్టునకు నెమ్మదియైన విద్యావిషయక కార్టూనును 9 నిమిషములు చూపిరి. మూడవ జట్టునకు బొమ్మలు గీయుటకు రంగులు ఇచ్చిరి. వెంటనే జరిపిన పరీక్షలలో, మనస్సు నిలుపుట, తొందరను అణచుకొనుట మొదలైనవానిలో మొదటి జట్టు వెనుకబడినది. దీనిని పట్టుకొని కార్టూనులన్నియు విషమని కేకలు వేయుట న్యాయము కాదు. ఆ ఫలితము అప్పటికప్పటిది. ఏండ్ల తరబడి నిలుచునని ఆ పరీక్ష చెప్పలేదు. తెరమీది అసంభవపు వింతలే కారణము గాని వేగము కాదను వాదమును ఉన్నది. అయినను తొమ్మిది నిమిషములు చాలుననుట ఉపాధ్యాయుని ఆలోచింపజేయును.

ఏలయన తొందర తెరమీద మాత్రమే లేదు, తరగతిలోను ఉన్నది. మేరీ బడ్ రో అను అమెరికా విద్యావేత్త 1970ల దశకములో తరగతుల సంభాషణలను టేపు మీద పట్టి పరిశీలించెను. ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత సగటున ఒక్క క్షణము మాత్రమే ఆగి, తామే మాటలాడుటయో, వేరొకరిని అడుగుటయో చేయుచుండిరి. ఆ వ్యవధిని మూడు క్షణములకు పెంచినంతనే పిల్లల జవాబులు పొడవైనవి, జవాబు చెప్పక మౌనము వహించువారు తగ్గిరి, ఎన్నడును నోరు విప్పని వెనుక బల్లవారు సైతము మాటలాడిరి. కావలసినది రెండు క్షణములు! అంతకంటె చవుకైన విద్యా సంస్కరణ దొరకుట కష్టము.

తెలుగు చెప్పు ఉపాధ్యాయునకు ఈ విద్య కొత్తది కాదు. సంస్కృత ఛందస్సులో యతి యనగా విశ్రాంతి స్థానము. మన లాక్షణికులు దానిని అక్షరమైత్రిగా మార్చుకొనిరి. ఉత్పలమాలకు పదవ అక్షరము యతిస్థానమని విద్యార్థి గుర్తుంచుకొనును, గణములు విభజించును, మార్కులు తెచ్చుకొనును. పూర్వపు శబ్దార్థము మాత్రము మరుగున పడినది. పద్యమును రాగయుక్తముగా చదువగల మంచి పంతులు నేటికిని భావము మలుపు తిరుగు చోట గొంతు నిలిపి, తరగతి వంక ఒక్కసారి చూచి, తరువాత అందుకొనును. ఆ చూపులో వ్యాఖ్యానము సగము పూర్తియగును.

ఉపాధ్యాయుని ఇబ్బందులను గుర్తింపకుండ ఈ మాటలు చెప్పుట సులభము. పీరియడు నలుబది నిమిషములు. హాజరు పిలుచుటకే అయిదు నిమిషములు పోవును. యాబది మంది పిల్లలు, ముగియని సిలబస్, కిటికీ బయట హారనులు. ఆయన ఆగినచో నిశ్శబ్దము రాదు, అల్లరి వచ్చును. ఇది యథార్థము. మొదటి నాలుగు దినములు అల్లరియే వచ్చును. పుష్పక విమానములోని యువకునివలె పిల్లలకును మౌనము క్రొత్త పరుపు. దానిమీద నిద్ర పట్టుటకు కొన్నాళ్ళు పట్టును. దీనికి ప్రభుత్వపు ఉత్తరువు గాని, యంత్రసామగ్రి గాని అవసరము లేదు. వారమునకు ఒక్క పీరియడు, ఒక్క కథ చాలును.

ఉప్పల్, నాచారములలోని పాఠశాలలు ఈ ప్రయోగమునకు మంచి చోట్లు. చలనచిత్ర నిర్మాణము చూచిన పేటలు, యానిమేషన్ పరిశ్రమ ఉన్న నగరము. బొమ్మలు గీయవలెనను కోరిక గల పిల్లలు ప్రతి తరగతిలోను నలుగురైదుగురు ఉందురు. వారికి ఒక కాగితమును పండ్రెండు గళ్ళుగా మడచి ఇచ్చి, తెలిసిన కథ నొకదానిని, ఏడు చేపల కథయైనను సరే, గళ్ళలో బొమ్మలుగా గీయుమనవచ్చును. ఒక్క షరతు: పండ్రెండింటిలో ఒక గడిలో ఏమియు జరుగరాదు. ఎవరును పరుగెత్తరాదు, మాటలాడరాదు. అది ఎన్నవ గడియో పిల్లలే నిర్ణయించుకొనవలెను. ఒకడు ఎండుచున్న చేపల మీద ఎండను గీయును. ఒకతె చీమ పుట్టలోపలి చీకటిని గీయును. ఒకడు ఏమియు తోచక కాగితము వంక చూచుచు కూర్చుండును. వానిని కొంతసేపు అట్లే కూర్చుండనీయవలెను. అందరును ముగించిన తరువాత ఆ గడికి ముందేమి, తరువాత ఏమి అని అడుగవచ్చును. ఆ గడిలో ఏమి ఉండవలెనో మాత్రము ఉపాధ్యాయుడు చెప్పకుండుట మంచిది.